పసిబిడ్డ నిద్రకు చరిత్ర లేదా?
సీమ వాడల్లో రాత్రి, కూలి, కులం

పసిబిడ్డ నిద్రపోవడం సహజమైన విషయమనీ, దానికి చరిత్రతో పనిలేదనీ అందరూ అనుకుంటారు. ఆకలి కూడా సహజమే. అయినా ఆకలికి చరిత్ర ఉందని కరువుల మీద పరిశోధన చేసినవాళ్ళు మనకు చూపించారు. ఎవరు తింటారు, ఎవరు పస్తుంటారు అనేది వాన ఒక్కటే తేల్చదు. భూమి, కూలి, కులం తేలుస్తాయి. నిద్ర విషయంలోనూ అంతేనని మేము చెప్పదలుచుకున్నాం. పాత కర్నూలు, కడప జిల్లాల మాల, మాదిగ పల్లెల్లో పుట్టిన చంటిబిడ్డకు రాత్రి ఎట్లా గడుస్తుందన్నది, ఆ తల్లి పగలు ఎవరి చేలో, ఎంతసేపు, ఎంత కూలికి వంగి పనిచేసిందన్నదాన్ని బట్టి ఉంటుంది. బిడ్డ రాత్రి తల్లి పగటి పనిలోనే తయారవుతుంది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, బిడ్డ రాత్రంతా ఏడిస్తే తప్పు తల్లి మీద వేసే అలవాటు చాలా పాతది. ఇంట్లో పెద్దోళ్ళు దిష్టి అంటారు, పక్షిదోషం అంటారు. చదువుకున్నోళ్ళు "వాళ్ళకు పిల్లల్ని పెంచడం తెలియదు" అంటారు. ఈ రెండు మాటలకూ ఒక పోలిక ఉంది. రెండూ కూలిరేటు ఊసెత్తవు. ఇంటి కప్పు గురించీ ఎత్తవు.

దేవుడి లాలి

తెలుగులో లాలిపాటల చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా కడప సీమ నుంచే మొదలుపెడతారు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) దేవుణ్ణి పసిబిడ్డగా చేసుకుని జోలలు పాడాడు. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో దేవుణ్ణి పవళింపజేసేటప్పుడు తాళ్ళపాక వారి లాలి పాడే ఆచారం ఇప్పటికీ ఉంది. దేవుడి నిద్రకు ఒక వేళ ఉంది, పాలు ఉన్నాయి, పాడేవాళ్ళకు వంశహక్కు ఉంది. అవన్నీ రాతలో ఉన్నాయి.

అన్నమయ్యను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఎవరి నిద్ర చరిత్రకెక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నదే ప్రశ్న. గుడి గడప దాటే హక్కు మద్రాసు రాష్ట్రంలోని మాల మాదిగలకు చట్టంలో దొరికింది 1947లో, ఆలయ ప్రవేశ చట్టంతో. అంతవరకూ దేవుడి లాలి వినే వీలే లేని అమ్మలు తమ బిడ్డలకు తమ జోలలు తామే కట్టుకున్నారు. వాటిని తాళపత్రం మీదో రాగిరేకు మీదో ఎక్కించినవాళ్ళు లేరు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వాడలో జోల పాడేది ఎప్పుడూ తల్లే కాదు. తల్లి కలుపుకు పోతే అవ్వ పాడుతుంది, అవ్వ కూడా కూలికి పోతే ఏడెనిమిదేళ్ళ అక్క పాడుతుంది. ఆ అక్క బడికి ఎందుకు రాలేదో హాజరు పట్టీలో రాసి ఉండదు. టీచర్లకు ఈ సంగతి మేము కొత్తగా చెప్పక్కర్లేదు.

ధాత కరువులో చంటిబిడ్డలు

సీమ జనం ధాత కరువు అని చెప్పుకునే 1876–78 కరువులో మద్రాసు రాజధాని మొత్తంలోకీ బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో సుమారు 9 లక్షల 14 వేల మంది ఉంటే, 1881 నాటికి 6 లక్షల 78 వేలకు పడిపోయారు. అంటే నాలుగో వంతు జనం లేరు. కడప జిల్లాలో సుమారు ఆరో వంతు తగ్గింది. చనిపోయినవాళ్ళు ఉన్నారు, వలసపోయినవాళ్ళు ఉన్నారు, పుట్టకుండా పోయినవాళ్ళు కూడా ఉన్నారు. తీవ్రమైన కరువులో కాన్పులే తగ్గిపోతాయి.

వైస్రాయ్ లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కరువు పనులకు కొత్త కూలి ఖరారు చేశాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర. ఈ తిండి రాళ్ళు కొట్టే మనిషికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఈ వాదాన్ని చరిత్రకారులు చాలామంది రాశారు. ఆ పౌను ధాన్యంలోంచి పాలు కూడా తయారు కావాలన్న సంగతిని మాత్రం తక్కువమంది పట్టించుకున్నారు. పాలిచ్చే తల్లికి మామూలు మనిషికంటే ఎక్కువ తిండి కావాలి. తల్లి ఒంట్లో సత్తువ ఉన్నంతవరకూ పాలు వస్తూనే ఉంటాయి, ఆ పాలు తల్లి కండల్లోంచి వస్తాయి. ఒళ్ళు పూర్తిగా ఎండిపోయిన తర్వాత పాలు తగ్గుతాయి. అప్పుడు బిడ్డ రాత్రి ఏడుస్తుంది. ఇంకా కొన్నాళ్ళకు ఏడ్చే బలం కూడా పోతుంది. ఆ మౌనాన్ని నిద్ర అనుకోవడం ప్రమాదం.

పని ఊరికి దూరంగా ఉండాలి, వచ్చినవాళ్ళు పని దగ్గరే ఉండాలి అన్నది ఆనాటి దొరల 'పరీక్ష'. నిజంగా ఆకలైనవాళ్ళే అంత దూరం వస్తారని వాళ్ళ లెక్క. ఆ పరీక్షకు తల్లి చంకలోని బిడ్డ కూడా కూర్చుంది. గుడిసె లేదు, బొంత లేదు, పక్కన కలరా. 1880 కరువు కమిషన్ తర్వాత వచ్చిన కరువు కోడ్‌లలో పిల్లలు 'ఆధారపడినవాళ్ళు' అనే పద్దులో చేరారు. పసిబిడ్డ ప్రభుత్వ లెక్కలోకి వచ్చింది అట్లా. ఆకలి ఒక్కటే లెక్క, నిద్ర లెక్కలోకి రాలేదు.

1952లో రాయలసీమ మళ్ళీ కరువుతో అల్లాడినప్పుడు గంజి కేంద్రాలు తెరిచారు. ఊరివాళ్ళ వరస వేరు, వాడవాళ్ళ వరస వేరు అనే ముచ్చట్లు మన పెద్దోళ్ళ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. వాటిని రాసిపెట్టుకునే పని మిగిలే ఉంది.

గడియారం చూసి పాలు

ఈ కరువుల కాలంలోనే పడమటి దేశాల్లో శిశుపోషణ మీద పుస్తకాలు బలంగా రావడం మొదలైంది. అమెరికా డాక్టరు ఎమ్మెట్ హోల్ట్ 1894లో వేసిన పుస్తకం బిడ్డను ఊపకూడదంది, ఏడిస్తే వెంటనే ఎత్తుకోకూడదంది. న్యూజిలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీ పెట్టిన ట్రూబీ కింగ్ నాలుగు గంటలకొకసారి గడియారం చూసి పాలివ్వాలన్నాడు, రాత్రి పాలు వద్దన్నాడు. వేరే గది, వేరే తొట్టి, కచ్చితమైన వేళ ఉండాలన్నాడు. ఇంగ్లీషు సామ్రాజ్యం పోయినచోటికల్లా ఈ బోధన కూడా పోయింది. 1924లో వైస్రాయ్ భార్య లేడీ రీడింగ్ చొరవతో మన దేశంలో 'బేబీ వీక్' ప్రదర్శనలు మొదలయ్యాయి. పట్నాల్లో బొద్దుగా ఉన్న పిల్లలకు బహుమతులు, తల్లులకు శుభ్రత మీద ఉపన్యాసాలు.

గడియారం, గది ఉన్న ఇండ్లవాళ్ళకు ఈ బోధన ఒక అలవాటు మాత్రమే. ఒకే గదిలో అవ్వ, తాత, మేకపిల్ల, పొయ్యి అన్నీ ఉన్న కొట్టంలో మాత్రం అది నింద అయి కూర్చుంది. మంత్రసానుల మీద కూడా ఈ నింద పడింది. సీమలో చాలా ఊళ్ళల్లో కాన్పులు చేసింది మంగలి, మాదిగ ఆడవాళ్ళే. కాన్పు మైల అని పెద్దకులాల వాళ్ళు చేయి పెట్టలేదు. చేయి పెట్టినవాళ్ళ తెలివిని మూఢత్వం అన్నారు. వాళ్ళు చేసిందంతా ఒప్పేనని మేము అనడం లేదు. బొడ్డు కోసే పనిముట్టు మరగబెట్టకపోతే ధనుర్వాతం వస్తుంది, అందులో సందేహం లేదు. అయితే కాన్పు కాగానే బిడ్డను తల్లి పక్కలో వేసి, రాత్రి ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లు పాలివ్వమన్న పద్ధతి ఆ పుస్తకాల్లోదానికంటే మేలైనది. అది ఎట్లాగో ముందుకు పోతే తెలుస్తుంది.

నల్లమందు, తొట్టి గది

పనికి పోయే తల్లి బిడ్డను ఏం చేయాలి? ఈ ప్రశ్నకు బొంబాయి మిల్లులు చెప్పిన జవాబు నల్లమందు. పసిబిడ్డ పగలంతా మత్తుగా పడి ఉండటానికి ఆవగింజంత నల్లమందు పెట్టి మిల్లుకు పోయేవాళ్ళు. ఈ సంగతి 1931లో వచ్చిన రాయల్ లేబర్ కమిషన్ నివేదికలో కూడా ఉంది. పగలు మత్తులో పడుకున్న బిడ్డకు సరిగా పాలు ఉండవు, ఊపిరి మందగిస్తుంది, రాత్రి మత్తు దిగి ఏడుపు మొదలవుతుంది. తల్లికి ఆ రాత్రీ నిద్ర ఉండదు, తెల్లారి మళ్ళీ మిల్లు. ఇది తల్లి కఠినత్వం అనేవాళ్ళు మిల్లు గేటు వైపు చూడరు.

అంబేడ్కర్ ఆ గేటు వైపు చూశాడు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును బలపరుస్తూ మాట్లాడాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశ ప్రయోజనమనీ, దాని ఖర్చు తల్లి పని వల్ల లాభపడే యజమాని కూడా భరించాలనీ ఆయన వాదం. ఆ చట్టం 1929లో వచ్చింది. దీని వెనక ఒక ఇంటి కథ కూడా ఉంది. రమాబాయి, అంబేడ్కర్‌లకు ఐదుగురు పిల్లలు పుడితే యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. చివరివాడు రాజరత్న 1926లో పోయాడు. పసిబిడ్డ పక్కన మేలుకుని కూర్చున్న రాత్రులు ఆయనకు తెలుసు.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు గనుల్లో పనిచేసే ఆడవాళ్ళ ప్రసూతి చట్టాన్ని ఆయన సవరింపజేశాడు. గనుల దగ్గర పిల్లల్ని చూసుకునే గదులు ఉండాలన్న నియమాలు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. ఇది సీమకు నేరుగా సంబంధించిన విషయం. మంగంపేట ముగ్గురాయి, పులివెందుల చుట్టుపక్కల రాతినార, ఎర్రగుంట్ల, బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ళు, ఇవన్నీ గనులే. ఆ పనుల్లో మోసేవాళ్ళల్లో, ఏరేవాళ్ళల్లో వాడల ఆడవాళ్ళు ఉన్నారు. ప్రతి గని దగ్గరా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తొట్టి గది ఏదీ? చట్టంలో ఉన్న ఆ గది ఎక్కడుందో వెతికితే, చాలాచోట్ల కనిపించేది వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలే.

1961 ప్రసూతి సౌకర్యాల చట్టం ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు వచ్చింది. 2017లో దాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. మెట్టచేలో వేరుశెనక్కాయ పీకే కూలితల్లికి ఈ సెలవు ఎన్నడూ అందలేదు. అదే 2017లో మొదలైన మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు ఇచ్చింది 5,000 రూపాయలు. ఒకరికి ఆరు నెలల జీతం, ఇంకొకరికి కొన్ని వారాల కూలి కూడా కాని డబ్బు. బాలింత ఇరవయ్యో రోజుకో నెలకో చేనికి పోతుందంటే కారణం ఇక్కడుంది.

కప్పు, ఎండ, సారా

ఇక ఇల్లు. కర్నూలు, కడపల్లో మే నెల పగటి ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. పాతకాలపు మట్టిమిద్దె మందంగా ఉండి వేడిని నిదానంగా లోపలికి రానిచ్చేది. మిద్దెలు ఎక్కువగా భూమి ఉన్నోళ్ళవి. వాడలో బోద కొట్టాలు. వాటికి అగ్గి భయం ఉన్నా లోపల చల్లగా ఉండేది. తర్వాత రేకుల కప్పులు, సర్కారు కాలనీల్లో ఒంటిగది సిమెంటు స్లాబులు వచ్చాయి. పక్కా ఇల్లు మన ఉద్యమాలు అడిగి తెచ్చుకున్నదే, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి నడిజాము దాకా కక్కుతుంది. కిటికీ ఒక్కటే, ఎదురుగా ఇంకొకటి ఉండదు, గాలి ఆడదు. పెద్దోళ్ళు బయట మంచం వేసుకుంటారు. బాలింత, బిడ్డ లోపలే ఉండాలంటారు. దోమలకు వేపాకు పొగ, గాలి తగలకుండా తలకు గుడ్డ. అప్పుడు బిడ్డ ఉక్కపోతకు ఏడుస్తుంది, ఇల్లు గాలి సోకిందనుకుంటుంది.

రాత్రికి ఇంకొక శత్రువు సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం సీమకు కూడా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఈ పోరాటాన్ని కూలి డబ్బుల పోరాటంగా రాశారు, భార్యల్ని కొట్టడం మీద పోరాటంగా రాశారు. రెండూ నిజమే. అది రాత్రి కోసం జరిగిన పోరాటం కూడా. తాగినోడు ఇంట్లోకి వస్తే మొదట లేచేది చంటిబిడ్డ. బిడ్డను చంకనేసుకుని పక్కింటి అరుగు మీద తెల్లవార్లూ కూర్చున్న ఆడవాళ్ళే పొద్దున సారా దుకాణం మీదికి పోయారు.

సుగ్గికి పోయిన బిడ్డ

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని, కౌతాళం వైపు, వలసకు 'సుగ్గి' అని పేరు. వానలు పోతే ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు మిరప చేలకు, బెంగళూరు, హైదరాబాదు కట్టుబడి పనులకు పోతాయి. బడి ఈడు పిల్లల కోసం ఊళ్ళో సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. పాలు తాగే బిడ్డకు హాస్టల్ ఉండదు. ఆ బిడ్డ తల్లితోపాటు మిరప చేని గట్టు మీది పట్టల గుడారానికి పోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నడిరాత్రి మంచు, పగలు పట్ట కింద ఉడుకు. తల్లి చేతులకు మిరప ఘాటు. నీళ్ళతో కడిగితే ఆ ఘాటు పోదు, ఎందుకంటే మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు వంటనూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కుంటే కానీ బిడ్డను తాకకూడదు. ఈ చిన్న మాట చెప్పేవాళ్ళు లేక ఎందరు బిడ్డలు మంటకు రాత్రంతా ఏడ్చారో!

2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఒక మంచి నియమం పెట్టింది. పని దగ్గరికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి, ఆమెకు కూలి ఇవ్వాలి. పిల్లల్ని చూసుకోవడం కూడా పనే అని ఒప్పుకున్న చట్టం అది. అది ఎన్ని పనుల దగ్గర అమలైందో మన కార్యకర్తలకు బాగా తెలుసు.

శాస్త్రం ఇప్పుడేమంటోంది

అప్పుడే పుట్టిన బిడ్డ రోజులో 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ఒక్కసారిగా కాదు. కడుపు చిన్నది, పాలు తొందరగా అరుగుతాయి, కాబట్టి రెండు మూడు గంటలకొకసారి లేవడం రోగం కాదు. రాత్రికీ పగటికీ తేడా ఒంటికి తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పాలు పడటానికి కావలసిన హార్మోను రాత్రిపూట తల్లి ఒంట్లో ఎక్కువగా ఉంటుంది. రాత్రి పాలు ఇవ్వొద్దన్న పాత పుస్తకాల మాట అందుకే చెల్లలేదు. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు. ఎండాకాలంలో కూడా నీళ్ళు, చక్కెరనీళ్ళు అక్కర్లేదు, ఇంకొక్కసారి పాలు పడితే సరి. తల్లి మాత్రం బాగా నీళ్ళు తాగాలి.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు, పెట్టెలు చాలని పేదల ఆస్పత్రిలో, నెలలు నిండని బిడ్డల్ని తల్లి రొమ్ముకు అంటిపెట్టి కట్టించాడు. పేదరికంలో పుట్టిన ఆ పద్ధతిని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ చెబుతోంది. బిడ్డకు తల్లి ఒళ్ళే మొదటి ఇల్లు అని మన మంత్రసానులు చెప్పిన మాటకు ఇది దగ్గరి చుట్టం.

మన పద్ధతులన్నీ గొప్పవేనని దీనికి అర్థం కాదు. బిడ్డను వెల్లకిలా పండుకోబెట్టాలి. 1990ల్లో ఈ ఒక్క మాటను బాగా ప్రచారం చేసిన దేశాల్లో నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ళ సంఖ్య సగానికి పైగా తగ్గింది. మొహం మీద గుడ్డ, తల కింద మెత్త వద్దు. చేతులు చల్లగా ఉన్నాయని బొంతలు కప్పకుండా, మెడ వెనక చేయి పెట్టి చూడాలి. చెమట ఉంటే ఉడుకెక్కువైనట్టు. చీర ఉయ్యాలలో గడ్డం గుండెకు ఆనుకుంటే ఊపిరి కష్టమవుతుంది, అందుకే నిద్రపోగానే చదునైన పక్క మీదికి మార్చాలి. తాగినవాళ్ళు, బీడీ కాల్చేవాళ్ళు ఆ పక్కలో ఉండకూడదు. పొగకంటే దోమతెర మేలు. నిద్ర మందు ఏ పేరుతో వచ్చినా వద్దు. పాలు తాగకుండా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్న బిడ్డను నిద్రపోతోందిలే అని వదిలేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ మాటల్లో చాలావాటికి డబ్బు అక్కర్లేదు, వెంటనే చెప్పొచ్చు. మిగతావాటికి తల్లి దగ్గర సమయం ఉండాలి, ఇంటికి రెండో కిటికీ ఉండాలి, పని దగ్గర తొట్టి గది ఉండాలి. ఇవి సలహాలతో రావు, అడిగితేనే వస్తాయి. వ్యవసాయ కూలితల్లికి ఆరు నెలల కూలితో సెలవు, ప్రతి గని దగ్గర, ప్రతి కూలి పని దగ్గర పిల్లల గది, సుగ్గి గుడారాల దగ్గరికి నర్సు, కాలనీ ఇండ్ల ప్లానులో గాలి. మన సంఘాల డిమాండ్ల పత్రాల్లో కూలిరేటు పక్కనే ఇవి కూడా ఉండాలి.

విద్యార్థులకు ఒక మాట. మీ ఇంట్లో అవ్వను అడగండి: నీ బిడ్డలు రాత్రిపూట ఎక్కడ పండుకున్నారు? కాన్పైన ఎన్నో రోజుకు పనికి పోయినావు? ఏ జోల పాడినావు, అది ఎవరు నేర్పినారు? ఎంతమంది పుట్టినారు, ఎంతమంది దక్కినారు? ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె యాసలోనే రాసుకోండి. గెజెటీర్లు రాయని చరిత్ర ఆమె దగ్గర ఉంది. ఆ తరం వెళ్ళిపోకముందే దాన్ని కాగితం మీదికి తేవాలి.